భక్త రామదాసు: శిస్తు సొమ్ముతో గుడి.. గోల్కొండ జైల్లో రాముడికే లెక్క చెప్పిన తహసీల్దార్!

భద్రాచలం గుడి కట్టించిన భక్త రామదాసు ఓ సర్కారు ఉద్యోగి. ఖజానాకు చేరాల్సిన శిస్తును గుడికి ఖర్చు పెట్టేశారు. దానికే గోల్కొండ కోటలో ఏళ్ల తరబడి జైల్లో మగ్గారు.

ఎవరీ రామదాసు?

అసలు పేరు కంచర్ల గోపన్న. 17వ శతాబ్దంలో ఇప్పటి ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టారు. గోల్కొండ పాలకుడు అబుల్ హసన్ తానీషా (1672-1687) కొలువులో అక్కన్న, మాదన్నలదే హవా. వాళ్లు గోపన్నకు మేనమామలు. ఆ అండతోనే పాల్వంచ పరగణా తహసీల్దార్ అయ్యారు.

అడవిలో గుడి

గోదావరి ఒడ్డున, అడవి మధ్య భద్రగిరి. పుట్టలో దొరికిన విగ్రహాలకు పోకల దమ్మక్క అనే గిరిజన మహిళ పందిరి వేసి పూజించిందని స్థలపురాణం. ఇక్కడి రాముడు వేరు. నాలుగు చేతులు, శంఖుచక్రాలు, విల్లు బాణం, ఎడమ తొడపై సీతమ్మ. పందిరి కింద ఉన్న ఆ దేవుడికి గోపన్న గుడి కట్టడం మొదలుపెట్టారు. చందాలు చాల్లేదు. శిస్తు సొమ్ము కూడా పెట్టేశారు. విమానంపై సుదర్శన చక్రం నిలిపారు. సీతారాములకు నగలు చేయించారు.

జైల్లో పాటలు

విషయం తానీషాకు తెలిసింది. గోపన్నను కోటలో బంధించారు. 12 ఏళ్లని జనం చెప్పుకుంటారు. దెబ్బలు తాళలేక ఆయన రాముడితోనే గొడవపడ్డారు. సీతమ్మ చింతాకు పతకం సహా ఏ నగకు ఎన్ని వరహాలయ్యాయో పాటలోనే లెక్క అప్పజెప్పారు. ఎవడబ్బ సొమ్మని నిలదీశారు. ఆ వెంటనే.. నొప్పికి తిట్టానని క్షమాపణ అడిగారు. గోల్కొండకు చెప్పాల్సిన లెక్క అలా కీర్తన అయ్యింది.

రామలక్ష్మణులే మారువేషంలో వచ్చి 6 లక్షల మొహరీలు తానీషాకు కట్టారని, ఆ తర్వాతే గోపన్న విడుదలయ్యారని కథ. 1687లో ఔరంగజేబు చేతిలో గోల్కొండ పడిపోయింది. గుడి, పాటలు మిగిలాయి.

ఇప్పటికీ అదే ఆనవాయితీ

శ్రీరామనవమి కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. తానీషా మొదలుపెట్టిన ఆచారమని చెబుతారు. రామదాసు చేయించిన నగలు ఆ రోజు స్వామికి అలంకరిస్తారు. గోల్కొండ కోటకు వెళ్తే రామదాసు చెర కూడా చూడొచ్చు. అక్కడ గోడపై ఉన్న సీతారాముల బొమ్మలు ఆయన చెక్కినవేనని నమ్మకం.