కాలిపోయిన చోటే మళ్లీ కూర్చున్న కేరీ

ఏళ్ల కష్టం ఒక్క రాత్రిలో బూడిదైతే విశ్వాసి ఏం చేయాలి? విలియం కేరీకి ఆ ప్రశ్న 1812 మార్చి 11న ఎదురైంది. బెంగాల్‌లోని శ్రీరాంపూర్ మిషన్ ముద్రణాలయం ఆ సాయంత్రం అంటుకుంది. కేరీ అప్పుడు కలకత్తాలో ఉన్నాడు. మర్నాడు కబురు విని తిరిగొచ్చేసరికి కాగితం, అచ్చు అక్షరాలు, బైబిలు అనువాదాల రాతప్రతులు, ఎంతో శ్రమతో కూర్చుతున్న బహుభాషా నిఘంటువు కాలిపోయాయి. మన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా వాటిలోనే ఉంది.

ఇంగ్లాండులో చెప్పులు కుట్టి బతికిన కేరీకి కాలేజీ చదువు లేదు. పని చేసుకుంటూనే లాటిన్, గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నాడు. 1793లో ఇక్కడికొచ్చాక తొలి బెంగాలీ విశ్వాసి బాప్తిస్మం కోసం ఏడేళ్లు కనిపెట్టాడు. ఈలోగా చిన్నారి కొడుకొకడు చనిపోయాడు, భార్య డొరతికి మతి చలించింది. ఆయన సేవకు ఆమె చెల్లించిన మూల్యాన్ని మన ప్రసంగాల్లో ఎందుకో దాటేస్తుంటాం.

అగ్నిప్రమాదం తర్వాత కేరీ ఎవరినీ నిందించలేదు. దేవుడు తనను తగ్గించాడని ఒప్పుకున్నాడు. శిథిలాల్లో అక్షరాల పోతమూసలు దొరికాయి. కరిగిన లోహాన్ని ఏరి మళ్లీ అక్షరాలు పోతపోశారు. కొద్ది వారాల్లోనే అచ్చు పని మొదలైంది. కేరీ పండితులతో కూర్చుని పోయిన అనువాదాలను తిరిగి రాశాడు. అన్నీ తిరిగి రాలేదు, ఆ నిఘంటువు పోయినట్టే పోయింది. తెలుగు వ్యాకరణం మాత్రం 1814లో, తెలుగు కొత్త నిబంధన 1818లో అదే శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి.