బాక్టీరియాకు తిండి మాన్పించిన శాస్త్రవేత్త – సెర్గీ వినోగ్రాడ్‌స్కీ

మైక్రోబయాలజీ అనగానే మనకు లూయీ పాశ్చర్, రాబర్ట్ కాక్ గుర్తుకొస్తారు. ఫ్యాక్టరీ మురుగునీటిని బాక్టీరియా ఎలా శుభ్రం చేస్తుందో ఎమ్మెస్సీలో చదువుతుంటే నాకు ఇంకో పేరు పరిచయమైంది. పలకడానికి కొంచెం కష్టమైన పేరే, సెర్గీ వినోగ్రాడ్‌స్కీ.

ఆయన 1856లో కీవ్ నగరంలో జన్మించారు. మనలాంటి ఇల్లు కాదు, బాగా డబ్బున్న కుటుంబం. మొదట లా చదివారు, నచ్చలేదు. సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్లి పియానో నేర్చుకున్నారు, అదీ వదిలేశారు. చివరికి సైన్సులో చేరారు. 1885లో స్ట్రాస్‌బర్గ్‌లో డి బారీ అనే గొప్ప వృక్షశాస్త్రవేత్త దగ్గర చేరాక ఆయనకు దారి దొరికింది. అక్కడ కుళ్లిన గుడ్డు వాసన వచ్చే నీళ్లలో పెరిగే బాక్టీరియాను పరిశీలించి, ఆ వాసనకు కారణమైన హైడ్రోజన్ సల్ఫైడే వాటికి శక్తినిస్తోందని 1887లో తేల్చారు.

తర్వాత జ్యూరిక్‌లో ఆయన చేసిన పని గురించే ముఖ్యంగా చెప్పాలి.

మురుగునీటిలో అమ్మోనియా ఉంటుంది. ఎరువుల ఫ్యాక్టరీ, తోళ్ల ఫ్యాక్టరీ, ఉక్కు కర్మాగారంలోని కోక్ ఓవెన్ల నుంచి వచ్చే నీటిలో మరీ ఎక్కువ. అది చెరువులో కలిస్తే చేపలు చస్తాయి. 1877లో ఫ్రాన్స్‌లో ష్లోసింగ్, మ్యూంజ్ అనే ఇద్దరు మురుగునీటిని ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా పంపారు. సుమారు ఇరవై రోజులకు అమ్మోనియా పోయి నైట్రేట్ వచ్చింది. క్లోరోఫామ్ ఆవిరి తగిలించగానే ఆ పని ఆగిపోయింది. అంటే లోపల ఏదో జీవి ఉంది. కానీ ఆ జీవిని పట్టుకోవడం ఎవరి వల్లా కాలేదు.

కారణం తిండే! ఆ రోజుల్లో బాక్టీరియాను పెంచాలంటే అందరూ జెలటిన్ మీద పెంచేవారు. మెస్‌లో పండగనాడు వడ్డించినట్టు అన్ని పోషకాలూ పెట్టేవారు. ఇంకేముంది, తిండిపోతు బాక్టీరియా అంతా ముందు వచ్చి కూర్చునేది. అసలు మనిషికి ఆ విందే గిట్టదు! వినోగ్రాడ్‌స్కీ విందు మాన్పించారు. నీళ్లలో అమ్మోనియా లవణం, కొన్ని ఖనిజ లవణాలు మాత్రమే వేశారు. జెలటిన్ మీద ఏమీ మొలవని ఖాళీ జాగాల నుంచి కొంచెం తీసి ఆ నీళ్లలో వేస్తే పని జరిగింది. అందరూ మొలిచిన చోట వెతికితే ఈయన మొలవని చోట వెతికారు. చదివినప్పుడు నేను నిజంగా ఆశ్చర్యపోయాను. తర్వాత జెలటిన్‌కు బదులు సిలికా జెల్ వాడి వాటిని విడిగా పెంచారు. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్‌గా, ఇంకో రకం నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయని చూపించారు. వాటికి నైట్రోసోమోనాస్, నైట్రోబాక్టర్ అని పేర్లు పెట్టినదీ ఆయనే. అవి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనే ఒళ్లు పెంచుకుంటాయి. మొక్కల్లాగే, కానీ ఎండతో పని లేకుండా.

అందుకే ఇవి చాలా నెమ్మదిగా పెరుగుతాయి. మామూలు బాక్టీరియా అరగంటలో రెట్టింపైతే వీటికి దాదాపు రోజు పడుతుంది. ఒక గ్రాము అమ్మోనియా నత్రజనికి నాలుగున్నర గ్రాములకు పైగా ఆక్సిజన్ కావాలి. శుద్ధి కేంద్రంలోకి ఒక్కసారిగా విషపు నీరు వదిలితే ముందు చచ్చేవి ఇవే. మళ్లీ పెరగడానికి వారాలు పడుతుంది.

1891లో పాశ్చర్ పిలిచినా వెళ్లకుండా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో కొత్త సంస్థలో చేరారు. అక్కడ గాలిలోని నత్రజనిని పట్టే ఒక బాక్టీరియాను కనుగొని దానికి పాశ్చర్ పేరే పెట్టారు. 1905లో రిటైరై ఉక్రెయిన్‌లోని సొంత ఎస్టేటుకు వెళ్లి వ్యవసాయం చూసుకున్నారు.

ఆయన ప్రయోగశాలకు దూరంగా ఉన్న ఆ కాలంలోనే, 1914లో, ఇంగ్లాండులోని మాంచెస్టర్‌లో ఆర్డెర్న్, లాకెట్ మురుగునీటిలోకి గాలి పంపి చూశారు. అమ్మోనియా పూర్తిగా నైట్రేట్ కావడానికి మొదట ఐదు వారాలు పట్టింది. పైన తేరిన నీటిని వంపేసి, అడుగు బురదను దాచి, కొత్త మురుగునీరు పోస్తూ వెళ్తే ఆ సమయం ఒక్క రోజులోపుకు దిగింది. నిదానంగా పెరిగే బాక్టీరియా బురదతో పాటు నిలబడిపోయిందన్నమాట. యాక్టివేటెడ్ స్లడ్జ్ అని మనం చదివే పద్ధతి ఇదే.

రష్యా విప్లవంలో వినోగ్రాడ్‌స్కీ ఆస్తి అంతా పోయింది. దేశం వదిలి బెల్‌గ్రేడ్‌లో పాఠాలు చెప్పారు. 1922లో పాశ్చర్ సంస్థ మళ్లీ పిలిచింది. అప్పటికి ఆయన వయసు అరవై ఐదు దాటింది. ఈసారి వెళ్లారు. పారిస్ దగ్గర బ్రీ-కోంత్-రొబేర్‌లో మట్టిలోని సూక్ష్మజీవుల మీద మళ్లీ మొదలుపెట్టారు. తన పరిశోధనలన్నీ కూర్చిన పుస్తకం 1949లో వచ్చింది. 1953 ఫిబ్రవరిలో తొంభై ఆరేళ్ల వయసులో అక్కడే మరణించారు.

ఈ పని రెండు రకాల బాక్టీరియా పంచుకుని చేస్తాయని ఆయన చెప్పిన మాటను వందేళ్లకు పైగా అందరూ అలాగే చదివారు. రెండు పనులూ ఒక్కటే చేసే నైట్రోస్పైరా రకం 2015లో బయటపడింది. దాన్ని పట్టుకోవడానికీ అమ్మోనియా చాలా తక్కువగా పెట్టి, నెలల తరబడి ఓపిక పట్టవలసి వచ్చింది.