చూపు లేని ద్రష్ట: ఫ్రాంస్వా హ్యూబర్

పువ్వుపై వ్రాలిన తేనెటీగను మాక్రో కటకంతో తీసిన ఛాయాచిత్రాన్ని ఒకసారి చూచినవారు మరచిపోలేరు. గోరంత ప్రాణి అరచేయంత అయి మన యెదుట నిలుస్తుంది. దేహమంతటా పరచుకొన్న నూగు, ఆ నూగులో చిక్కుకొన్న పుప్పొడి రేణువులు, వేలకొలది చిన్న అద్దాలను కూర్చినట్లున్న కన్ను, వెనుక కాళ్లకు అంటుకొనియున్న పసుపుపచ్చని ఉండలు అన్నీ స్పష్టంగా కానవస్తాయి. పువ్వు నుండి పువ్వుకు పుప్పొడిని చేరవేసి మన తోటలలో కాయలు నిలిచేటట్లు చేసే జీవి ఇదియే గదా అని మనస్సు ఆశ్చర్యం పొందుతుంది. పవిత్ర ఖుర్ఆన్‌లో 16వ అధ్యాయానికి తేనెటీగ పేరే ఉన్నది. ఆలోచించేవారికి ఆ చిన్న ప్రాణియందు ఒక సూచన కలదని ఆ అధ్యాయం తెలుపుతుంది.

అయితే ఛాయాచిత్రం రూపాన్ని చూపగలదే గాని మన ప్రశ్నకు సమాధానం చెప్పజాలదు. ఆ పసుపు ఉండలు దేనికొరకు? 18వ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రవేత్త రియోమూర్ వంటి మహాపండితులు సైతం పుప్పొడియే తేనెటీగ కడుపులో మైనంగా మారుతుందని తలచినారు. ఆ భ్రమను తొలగించి, తేనెపట్టులోని అనేక రహస్యాలను లోకానికి విప్పిచెప్పినవాడు జెనీవా నగరవాసి ఫ్రాంస్వా హ్యూబర్. ఛాయాగ్రహణ కళ లోకానికి ప్రకటింపబడినది 1839లో. హ్యూబర్ మరణించినది 1831లో. ఆ కళ ఆయన కాలానికే పుట్టియున్నా ఆయన దానిని చూచి ఆనందించగలిగేవాడు కాడు. ఆయన అంధుడు.

హ్యూబర్ 1750 జూలై 2వ తేదీన జెనీవాలో సంపన్న కుటుంబంలో జన్మించినాడు. తండ్రి జాన్ హ్యూబర్ చిత్రకారుడు, కాగితాన్ని కత్తిరించి మనుష్యుల ఛాయారూపాలను తీర్చడంలో అందె వేసిన చేయి. మహారచయిత వోల్టేర్‌కు మిత్రుడై, ఆయన బొమ్మలను పెక్కింటిని చిత్రించినాడు. వేట పక్షుల ఎగురుడును గూర్చి ఒక గ్రంథం కూడా వ్రాసినాడు. చూపే జీవనంగా గల తండ్రికి పుట్టిన ఈ బాలునికి పదునైదేండ్ల ప్రాయంలోనే చూపు మందగించసాగింది. తండ్రి పారిస్ నగరానికి తీసికొనిపోయి వైద్యులకు చూపించినాడు. ఆరోగ్యం కుదుటపడవలెనని ఆ నగరానికి సమీపంలోని ఒక పల్లెలో ఉంచి, పొలం పనులు చేయించినారు. దేహం బలపడినది గాని కన్నులు బాగుపడలేదు. పేరు మోసిన నేత్రవైద్యుడు ఇక చికిత్స లేదని తేల్చి చెప్పినాడు.

ఆ దినాలలోనే ఆయన మరీ ఎమె ల్యులాఁ అనే కన్యను ప్రేమించినాడు. ఆమె తండ్రి నగర పాలకులలో ఒకడు. గ్రుడ్డివానికి బిడ్డనిచ్చుటకు ఆయన సమ్మతించలేదు. ఆమె తండ్రిని ఎదిరించి కలహించలేదు, మాట మార్చుకొననూలేదు. తన ఇష్టప్రకారం వివాహమాడుటకు చట్టం అనుమతించే 25 ఏండ్ల వయస్సు వచ్చేవరకు వేచియుండి, 1776లో హ్యూబర్‌ను పెండ్లాడినది. నలుబది ఏండ్లకు పైబడిన ఆ సంసారంలో ఆమె ఆయనకు చదివి వినిపించినది, ఆయన చెప్పగా వ్రాసినది, ఆయన కొరకు ప్రయోగాలను పరిశీలించినది. ఐరోపా అంతటా యుద్ధాలు సాగుతున్నప్పుడు పటంపై గుండుసూదులు గ్రుచ్చి, ఏ సైన్యం ఎక్కడ నున్నదో భర్త తన వ్రేళ్లతో తడవి తెలిసికొనేటట్లు చేసినది. ఆమె జీవించియున్నంత కాలం అంధత్వం ఒక దౌర్భాగ్యమని తనకు తోచలేదని హ్యూబర్ తరువాత మిత్రులతో చెప్పుకొన్నాడు. మదాం ద స్తాల్ అనే ప్రసిద్ధ రచయిత్రి 1802లో వెలువరించిన దెల్ఫీన్ అనే నవలలో ఈ దంపతులను మాదిరిగా గ్రహించి రెండు పాత్రలను సృష్టించినది.

తేనెటీగలపై ఆయనకు ఆసక్తి పుస్తకాల మూలంగా కలిగింది. ఇంటి సేవకుడు ఫ్రాంస్వా బర్నెన్స్ అనే పల్లెటూరి యువకుడు. యజమానికి పుస్తకాలు చదివి వినిపించడం అతని పనులలో ఒకటి. రియోమూర్ గ్రంథాలు చదువుతున్నప్పుడు హ్యూబర్ ఒక సంగతి గమనించినాడు. చదివేవాడు కేవలం అక్షరాలను పలుకుట లేదు. అర్థం చేసికొని, సందేహించి, ప్రశ్నించుచున్నాడు. పండితుడు కాని ఆ సేవకునిలో పరిశీలకుడు దాగియున్నాడని గ్రహించి, రియోమూర్ వర్ణించిన ప్రయోగాలను అతనిచే మరల చేయించినాడు. ఫలితాలు పుస్తకంతో సరిపోయినవి. అప్పటినుండి బర్నెన్స్ కన్నులు, హ్యూబర్ బుద్ధి కలిసి పనిచేయసాగినవి.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. మరొకరు చూచినదానిని తాను సత్యమని లోకానికి చెప్పుట ఎట్లు? శాస్త్రంలో సాక్షి మాటకు విలువ గలదు గాని, సాక్షి పొరబడితే పండితుని పరువు పోతుంది. హ్యూబర్ దీనికి ఒక పద్ధతి ఏర్పరచుకొన్నాడు. చూచిన విషయాన్ని ఒకే విధంగా గాక పలు విధాలుగా ప్రశ్నించేవాడు. ప్రయోగాన్ని మరల మరల చేయించేవాడు. ఒకరు చెప్పినదానిని మరియొకరు చెప్పినదానితో పోల్చేవాడు. అన్నిటా పొందిక కుదిరి, మనస్సులో ఆ దృశ్యం కళ్లకు కట్టినట్లు నిలిచేవరకు విడిచేవాడు కాడు. కన్నులున్నవాడు ఒకసారి చూచి తృప్తి పడతాడు. కన్నులు లేనివాడు పదిసార్లు అడుగుతాడు. ఆయన లోపమే ఆయన శాస్త్రానికి పదునైన పనిముట్టు అయినది.

ఆనాడు అందరినీ వేధించిన సమస్య రాణి ఈగను గూర్చినది. పట్టులోని గ్రుడ్లన్నిటినీ రాణి పెడుతుంది. వందలకొలది మగ ఈగలు ఉన్నవి. అయినా పట్టులో సంయోగాన్ని చూచినవారు లేరు. మగ ఈగల వాసన చేతనే రాణి ఫలవంతమగునని డచ్చి పండితుడు స్వామర్‌డామ్ భావించినాడు. గదులలో పెట్టిన గ్రుడ్లు చేపల గ్రుడ్ల వలె బయటనే ఫలదీకరణం చెందునని మరికొందరన్నారు. హ్యూబర్ వాదానికి దిగక, పరీక్షకు పూనుకొన్నాడు. రాణిని బయటకు పోనీయక మగ ఈగల నడుమనే బంధించి ఉంచినప్పుడు అది వంధ్యగానే మిగిలినది. అట్లయితే సంయోగం పట్టు వెలుపల జరుగవలెను. 1788 వేసవిలో ఆయన, బర్నెన్స్ పెట్టె ద్వారం చెంత కాచి కూర్చున్నారు. పడుచు రాణి వెలుపలికి వచ్చి, ఆకాశంలో చుట్లు చుట్టుచు పైకెగిరి కనుమరుగైనది. సుమారు అరగంటకు సంయోగపు గురుతుతో తిరిగి వచ్చినది. కొద్ది దినాలకే గ్రుడ్లు పెట్టనారంభించినది. పండితులు గదులలో వెదకిన రహస్యం గగనతలంలో దొరికినది.

ఈ కాలాతిక్రమణ ఫలితాన్ని కూడా ఆయన గుర్తించినాడు. రాణి బయటకు పోవుటను మూడు వారాలకు పైగా ఆటంకపరిస్తే, పిమ్మట అది పెట్టే గ్రుడ్లన్నీ మగ ఈగలుగానే పొదుగుతవి. కారణం మాత్రం ఆయనకు అందలేదు. ఫలదీకరణ చెందని గ్రుడ్లే మగ ఈగలగునని 1845లో జియర్జోన్ అనే మతాచార్యుడు వివరించినాడు. రాణి ఒకటి కాదు, పెక్కు మగ ఈగలతో ఆకాశంలో కలియునని కూడా తరువాతి వారు కనుగొన్నారు. హ్యూబర్ వ్యాఖ్యానాలు కొన్ని మారినవి గాని, ఆయన చూపించిన వాస్తవాలు చెదరలేదు.

చూచుటకు అనువైన పెట్టెను కూడా ఆయనే కల్పించినాడు. సన్నని చట్రాలను బందులతో కూర్చి, పుస్తకపు పుటల వలె తెరువదగినట్లు తయారు చేయించినాడు. ఒక్కొక్క పుటలో ఒక్కొక్క తేనెపట్టు. ఏ పుటనైనా తెరచి, ఈగలకు కోపం రాకుండా నెమ్మదిగా పరిశీలించవచ్చును. చదువలేని కన్నులు గల వ్యక్తి తేనెపట్టునే ఒక గ్రంథంగా మార్చుట వింతయే. 1851లో అమెరికా దేశస్థుడు లాంగ్‌స్ట్రాత్ కదిలే చట్రాల పెట్టెను కనిపెట్టినప్పుడు హ్యూబర్ పెట్టె అనుభవం అతనికి తోడ్పడింది. నేడు తేనెటీగల పెంపకందార్లు పట్టును నరకకుండా తేనె తీయగలుగుటకు ఆ చట్రాలే ఆధారం.

బర్నెన్స్ సహనానికి ఒక్క ఉదాహరణ చాలును. రాణి గాక శ్రామిక ఈగలలో కొన్ని కూడా ఒక్కొక్కప్పుడు గ్రుడ్లు పెడతాయని ఒకరు వ్రాసియున్నారు. అది నిజమో కాదో తెలియవలెనన్న పట్టులోని ప్రతి ఈగను పట్టి చూడవలెను. బర్నెన్స్ రెండు పెట్టెలలోని ఈగలనన్నిటిని ఒక్కొక్కదానిని చేతితో పట్టుకొని పరీక్షించినాడు. పని ముగియుటకు 11 దినాలు పట్టినది. కాట్లను లెక్క చేయలేదు. గ్రుడ్లు పెట్టే శ్రామిక ఈగలు ఉన్నవని రుజువైనది.

ఇక పుప్పొడి ఉండల సంగతి. ఆయన కొన్ని ఈగలను మూసిన పెట్టెలో ఉంచి తేనె, నీరు మాత్రమే ఇప్పించినాడు. పుప్పొడి ఒక్క రేణువైనా లేదు. అయినా అవి మైనం చేసి పట్టు కట్టినవి. ఆ పట్టును తీసివేస్తే మరల కట్టినవి. పలుమార్లు అట్లే జరిగినది. మరియొక గుంపునకు తేనె లేకుండా పుప్పొడి, పండ్లు ఇచ్చినాడు. అవి మైనం చేయలేదు. చక్కెర పాకం పెట్టినప్పుడు కూడా మైనం పుట్టినది. కనుక మైనానికి మూలం తీపియే గాని పుప్పొడి కాదు. మరి పుప్పొడి ఎందుకు? పిల్లలను పెంచుటకు. పుప్పొడి లేని పట్టులో పిల్ల పురుగులు బ్రతుకవని, పుప్పొడి అందించినంతనే వాటి పోషణ సాగుతుందని ఆయన ప్రయోగాలు చూపినవి. ఛాయాచిత్రంలో ఈగ కాళ్లకు కనిపించే బంగారు ఉండలు బిడ్డల ఆహారమన్నమాట. తల్లులు కాని ఆ శ్రామిక ఈగలు తమ పట్టులోని పిల్లలకు ఆ మూటలను మోసికొనిపోవుచుండగా, నూగుకు అంటిన రేణువులతో పువ్వులకు ఫలయోగం కలుగుతున్నది.

ప్రకృతి శాస్త్రజ్ఞుడు చార్లెస్ బోనే ప్రోత్సాహంతో, ఆయనకు వ్రాసిన లేఖల రూపంలో తేనెటీగలపై నూతన పరిశీలనలు అనే గ్రంథం 1792లో వెలువడినది. తాను స్వయంగా చూడలేదని, చూచినది తన సేవకుడని హ్యూబర్ ఆ గ్రంథంలోనే బాహాటంగా ప్రకటించినాడు. సేవకుని శ్రమను యజమాని తన పేరుతో చెప్పుకొనుట తప్పు కాదనుకొనే కాలమది. బర్నెన్స్ పేరు దాచియుంచితే ఆనాడు అడిగేవారు లేరు. అయినా ఆయన దాచలేదు.

బర్నెన్స్ 1795లో స్వగ్రామానికి వెళ్లిపోయినాడు. అక్కడి జనులు అతనిని గ్రామాధికారిగా గౌరవించినారు. ఆ పిమ్మట భార్య, కుమారుడు పియెర్ ఆయనకు కన్నులైనారు. జెనీవా వైద్యుడు జ్యూరీన్ కుమార్తె శ్రామిక ఈగలను సూక్ష్మంగా కోసి పరీక్షించి, అవి పూర్తిగా ఎదగని ఆడ ఈగలేనని చూపినది. ఆ ఫలితాలన్నిటితో, కుమారుని సహాయంతో, 1814లో రెండు సంపుటాల కూర్పు ప్రకటింపబడినది. పియెర్ తానును చీమలపై గొప్ప గ్రంథం 1810లో వ్రాసి తండ్రికి తగిన తనయుడనిపించుకొన్నాడు.

వృద్ధాప్యంలో హ్యూబర్ లొసాన్‌లో కుమార్తె చెంత నివసించినాడు. తోటలో ముడులు వేసిన త్రాళ్లు కట్టించుకొని, వాటిని పట్టుకొని ఒంటరిగా విహరించేవాడు. మెక్సికో నుండి మిత్రుడు తెప్పించి ఇచ్చిన ముల్లు లేని తేనెటీగల పట్టు ఆ దినాలలో ఆయనకు గొప్ప సంతోషం కలిగించినది. 1831 డిసెంబరు 22వ తేదీన, 81 ఏండ్ల వయస్సులో ఆయన కన్నుమూసినాడు. మిత్రుడైన వృక్షశాస్త్రజ్ఞుడు ద కందోల్ ఒక బ్రెజిల్ వృక్షజాతికి హ్యూబేరియా అని పేరు పెట్టి ఆయన స్మృతిని నిలిపినాడు.

నేటి విద్యార్థి చేతిలో కటకాలున్నవి, చిత్రాలున్నవి. రెప్పపాటులో ఈగ రెక్క కూడా నిలిచి కనిపిస్తుంది. హ్యూబర్‌కు ఇవేవీ లేవు. ఆయనకున్నవి రెండే: విడువని ప్రశ్న, తనకొరకు చూచినవారిపై కృతజ్ఞత. మన ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని మీద వంగిన ప్రతి విద్యార్థి, తాను చూచిన దానిని ప్రక్కనున్న స్నేహితునికి అతడు కన్నులు మూసికొనియున్నా అర్థమయ్యేటట్లు చెప్పగలడా అని ఒకసారి ప్రయత్నించి చూడవలెను. చెప్పలేకపోతే ఇంకా చూడలేదన్నమాట. బర్నెన్స్ ప్రతిదినం ఆ పరీక్షకు నిలిచినాడు. హ్యూబర్ ప్రతిదినం ఆ పరీక్ష పెట్టినాడు. తేనెటీగను గూర్చి లోకం నేడు ఎరిగిన దానిలో ఎంతో భాగం ఆ ఇద్దరి సంభాషణలో నుండి పుట్టినదే.