నిఘంటుకర్త జాన్సన్
శామ్యూల్ జాన్సన్ (1709–1784) ఇంగ్లండులోని లిచ్‌ఫీల్డ్‌లో పుస్తక విక్రేత ఇంట జన్మించాడు. పేదరికం వల్ల ఆక్స్‌ఫర్డ్‌లో పట్టా పొందకుండానే చదువు మానుకొన్నాడు. 1746లో లండన్ ప్రచురణకర్తలు ఆంగ్ల నిఘంటు నిర్మాణాన్ని అతనికి అప్పగించారు. నిర్వచనం ఒక్కటే చాలదనీ, ప్రయోగాన్ని చూసినప్పుడే పదంలోని అర్థచ్ఛాయ తెలుస్తుందనీ అతడు భావించాడు. అందుకే ప్రసిద్ధ గ్రంథాలు చదువుతూ తగిన వాక్యాలను గుర్తించేవాడు. లేఖకులు వాటిని చీటీలపై ఎత్తిరాసేవారు. కఠినపదాలకన్నా చిన్న పదాలే అతణ్ణి ఎక్కువ శ్రమపెట్టాయి. ‘టేక్’ అనే క్రియకే వందకు పైగా అర్థాలు చూపవలసివచ్చింది. మూడేళ్ళలో ముగిస్తానన్న పని తొమ్మిదేళ్ళు సాగింది. ఆ మధ్యలోనే, 1752లో, భార్య ఎలిజబెత్ కన్నుమూసింది. 1755లో లక్షకు పైగా ఉదాహరణలతో నిఘంటువు వెలువడింది. పేరు వచ్చింది గాని పేదరికం పోలేదు. మరుసటి ఏడాదే స్వల్పమైన అప్పు తీర్చలేక నిర్బంధంలో పడ్డాడు. 1762లో రాజభృతి లభించేవరకు ఆ బాధ తీరలేదు.