ఆగిన చదువులకు దారి చూపిన దుర్గాబాయి

తార్నాక నుంచి మన కాంపస్ మీదుగా విద్యానగర్ వైపు తిరిగే మనకు దుర్గాబాయి దేశ్‌ముఖ్ అంటే ముందు గుర్తొచ్చేది ఒక ఆస్పత్రి. కాంపస్‌లోని ఆంధ్ర మహిళా సభ కళాశాల కూడా ఆమె పెట్టిన సంస్థదే. బోర్డుల మీద ఇంతగా కనబడే ఆ మనిషి జీవితం మనలో ఎంతమందికి తెలుసు? నేను బి.యస్సీ. చదివే రైతు బిడ్డను. చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయినా ఆమె గురించి తెలుసుకోవలసిన అవసరం మా ఇంట్లోనే వచ్చింది. మా అక్క నర్సింగ్ చదువుతోంది. ఆ చదువు మాన్పించి పెళ్ళి చెయ్యాలని చుట్టాల పోరు.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదో ఏటనే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ పెళ్ళిని ఆమె ఒప్పుకోలేదు. ఇంగ్లీషు మాధ్యమం మీద నిరసనతో చిన్నప్పుడే బడి మానేశారు. మానేసి ఊరుకోక ఆడపిల్లలకు హిందీ పాఠశాల నడిపారు. 1923 కాకినాడ కాంగ్రెసు సమయంలో ఖద్దరు ప్రదర్శన ద్వారం దగ్గర వాలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని నెహ్రూగారినే ఆపేశారన్న సంగతి అందరూ చెప్పుకునేదే. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్ళు.

1930లో ఉప్పు సత్యాగ్రహంలోకి దిగి జైలుకు వెళ్ళారు. ఆ తర్వాతి మూడేళ్ళలో మళ్ళీ మళ్ళీ జైలే. మధుర జైల్లో ఒంటరి కొట్టులో కూడా ఉంచారు. ఆమె జీవితం మలుపు తిరిగింది అక్కడే అని నాకనిపిస్తుంది. చదువు రాక, తమ మీద మోపిన నేరమేమిటో, చట్టం ఏం చెబుతుందో తెలియక శిక్ష అనుభవిస్తున్న ఆడవాళ్ళను ఆమె అక్కడ చూశారు. వాళ్ళకు సాయపడాలంటే లా చదవాలి. లా చదవాలంటే ముందు మెట్రిక్ కావాలి. ఇరవై దాటిన వయసులో, ఎప్పుడో వదిలేసిన చదువును మళ్ళీ మొదలుపెట్టారు.

బెనారస్ మెట్రిక్ పాసై, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చారు. అక్కడ ఆడవాళ్ళకు హాస్టలు లేదు. లేదన్నారని వెనక్కి పోలేదు. తనలాంటి అమ్మాయిలను కూడగట్టి తామే వసతి ఏర్పాటు చేసుకున్నారు. మన హాస్టళ్ళలో నీళ్ళ కోసం, మెస్సు కోసం రోజూ కొట్లాడే మనకు ఆ పట్టుదల విలువ తెలియకపోదు. రాజనీతిశాస్త్రంలో ఎం.ఏ. చేసి, 1942లో మద్రాసులో లా డిగ్రీ తీసుకున్నారు.

ఈ మధ్యలోనే, 1937లో, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలైంది. తనలాగే చదువు ఆగిపోయిన ఆడవాళ్ళను బెనారస్ మెట్రిక్ పరీక్షకు తయారుచెయ్యడం ఆ సభ తొలి పనుల్లో ఒకటి. తర్వాత చేతిపనులు, ఆస్పత్రి, నర్సుల శిక్షణ దానికి తోడయ్యాయి. 1946లో ఆమె రాజ్యాంగసభ సభ్యురాలయ్యారు. 1953లో చింతామణి దేశ్‌ముఖ్‌గారిని వివాహమాడారు. ఆ ఏడే కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు.

ఆ బోర్డు పనిలో ఆమెకు ఒక చిక్కు ఎదురైంది. పల్లెలకు నర్సులు, మంత్రసానులు, టీచర్లు, గ్రామసేవికలు కావాలి. కానీ ఆ శిక్షణలకు కావలసినంత చదువుకున్న ఆడవాళ్ళు పల్లెల్లో లేరు. ఇంకో పక్క చదువు మధ్యలో ఆగి, ఆధారం లేక, ఏ పనైనా చెయ్యడానికి సిద్ధంగా ఉన్నవాళ్ళు ఎందరో. ఈ రెంటినీ ఆమె ఒక్కచోట కలిపారు. పెద్దవయసు స్త్రీలకు, ఏళ్ళ తరబడి చదవాల్సిన తరగతులను కుదించి, తక్కువ కాలంలోనే పరీక్షకు పంపే కోర్సులను 1958లో బోర్డు ప్రారంభించింది. ఉపన్యాసాలకంటే ఇదే నాకు గొప్పగా తోస్తుంది. ఆమె జాలిపడి ఆగలేదు, మెట్లు కట్టించారు.

ఆ మెట్లు ఎక్కాక ఏముంటుందో మా అక్కను చూస్తే తెలుస్తుంది. ఇంటర్ అయినాక రెండేళ్ళు బాయి కాడనే పని చేసింది. పత్తి ఏరింది, నాట్లు వేసింది. ఇప్పుడు నర్సింగ్ మూడో సంవత్సరం. పొద్దున అయిదింటికే లేవాలి. స్నానాల గది ముందు వరుస. జుట్టు ముడి వేసి వల కట్టి, ఇస్త్రీ యూనిఫాంతో ఏడున్నరకల్లా వార్డులో ఉండాలి. రాత్రి డ్యూటీ సిస్టర్ ఒక్కో మంచం దగ్గర రోగి సంగతి అప్పజెబుతుంటే రాసుకోవాలి. పక్కలు సర్దాలి. జ్వరం, నాడి, ఊపిరి చూసి చార్టులో ఎక్కించాలి. లేవలేని వాళ్ళకు ఒళ్ళు తుడవాలి, బెడ్‌పాన్ పెట్టాలి. మధ్యాహ్నం క్లాసులు. రాత్రి కేసు స్టడీలు రాస్తూ రాస్తూ నిద్రపోవడం. సెలవుకు తార్నాకలోని నా గదికి వస్తే ముందు ఉప్పు వేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది.

మేము ల్యాబులో పొరపాటు చేస్తే ప్రయోగం మళ్ళీ చేస్తాం. తనకు ఆ వీలు లేదు. అవతల మంచం మీద ఉన్నది మనిషి. మొదటిసారి తన చేతుల్లో ఒక ముసలాయన కన్నుమూసిన రోజు, మధ్యాహ్నం మామూలుగా క్లాసుకు పోయి నోట్సు రాసుకుందట. ఇది చదువు కాదని, మలమూత్రాలు ఎత్తే పని అని మా చుట్టాలు అంటారు. రాత్రి డ్యూటీ చేసే పిల్లను ఎవరు చేసుకుంటారని అడుగుతారు.

మొన్న సంక్రాంతికి ఇంటికి పోయినప్పుడు దుర్గాబాయి కథ మా నాయనకు చెప్పాను. ఎనిమిదేళ్ళకు పెళ్ళయిన పిల్ల, బడి మానేసిన పిల్ల, దేశానికి రాజ్యాంగం రాసే సభలో కూర్చున్నదని చెప్పాను. నాయన చాలాసేపు మాట్లాడలేదు. అయిదో తరగతిలో బడి మానిన మా అమ్మ మాత్రం, అప్పట్లో అలాంటి కోర్సు మా ఊరి పక్కన ఉంటే తానూ పోయేదాన్నేమో అన్నది. చివరకు నాయన, అక్క చదువు పూర్తయ్యేదాకా పెళ్ళి మాట ఎత్తొద్దని చుట్టాలకు చెప్పాడు. ఆ తర్వాత సంగతి తర్వాత.

దుర్గాబాయికి 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. 1981 మే 9న ఆమె కన్నుమూశారు. ఢిల్లీ మెట్రోలో ఆమె పేరున ఒక స్టేషనే ఉంది. పేర్లు పెట్టడం మంచిదే. కానీ మిత్రులారా, మన చుట్టూ ఉన్న పేటల్లో చదువు మధ్యలో ఆగిపోయిన ఆడపిల్లలు ఈనాడూ ఉన్నారు. లెక్కలు, సైన్సు మనకు వచ్చు. ఆదివారం రెండు గంటలు మనవి కాకపోతే ఎవరివి? మన విద్యార్థి సంఘం ఈ ఏడు ఆ పని మొదలుపెడితే, పాఠం చెప్పడానికి మొదటి పేరు నాది రాసుకోండి.