జీతం లేని లెక్క – సలీం అలీ

ఏటా జనవరిలో కొందరు తెల్లారకముందే బైనాక్యులర్, నోటుపుస్తకం పట్టుకుని చెరువుగట్లకి పోతారు. ఏ పక్షులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాస్తారు. ఎవరూ జీతమివ్వరు. దీన్ని ఆసియా నీటిపక్షుల గణన అంటారు. 1987లో మొదలైంది. మన దేశంలో ఇలాంటి పనికి దారి వేసిన సలీం అలీ గారు ఆ ఏడాదే పోయారు.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే అమ్మానాన్నలు పోతే మేనమామ పెంచాడు. పదేళ్ళప్పుడు బొమ్మ తుపాకీలాంటి ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టాడు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిచ్చుకో తెలుసుకుందామని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళాడు. అక్కడ మిల్లార్డ్ దొర పెట్టెలు తెరిచి వందల పక్షుల్ని చూపించాడు. ఆ పిల్లాడు ఇంక వెనక్కి చూడలేదు.

ఆయనకి యూనివర్సిటీ డిగ్రీ లేదు. అందుకే సర్కారు కొలువు దొరకలేదు. జర్మనీ వెళ్ళి నేర్చుకొచ్చినా పని లేదు. 1930లో భార్య తెహ్మినాతో కిహిం అనే సముద్రపు పల్లెలో ఉంటూ గిజిగాడి గూళ్ళు చూస్తూ కూర్చున్నారు. (మా ఇంట్లో అమ్మ గిజిగాడంటే నాన్న గీజగ అంటాడు.) మగపిట్ట గూడు సగం అల్లి ఆగుతుంది, ఆడపిట్ట వచ్చి చూసి నచ్చితేనే సంసారం అని ఆయన రాశారు. ఈ సంగతి మన కాలేజీలో అందరికీ నచ్చుతుంది!

తర్వాత సంస్థానాలకి ఒక మాట చెప్పారు: ఖర్చులిస్తే చాలు, జీతం వద్దు, మీ పక్షుల్ని సర్వే చేస్తానని. 1931లో హైదరాబాదు సంస్థానంలో తిరిగారు. 1939లో తెహ్మినా ఒక చిన్న ఆపరేషన్ తర్వాత చనిపోయింది. ఆ దుఃఖంలోనే మైసూరు సంస్థానం సర్వే చేశారు. అప్పుడు మన గౌరిబిదనూరు కూడా మైసూరులోదే.

ఒకటి మాత్రం దాచకూడదు. ఆ కాలపు సర్వేల్లో పక్షుల్ని కాల్చి నమూనాలు దాచేవారు. ఆయనా కాల్చారు. 1941లో ఆయన రాసిన భారతదేశపు పక్షుల పుస్తకం వచ్చాక, మామూలు మనుషులు బొమ్మ చూసి పిట్టని గుర్తుపట్టగలిగారు. తుపాకీ పని కళ్ళకి వచ్చింది.

కళ్ళు చాలునని కడప జిల్లా చూపించింది. 1900 తర్వాత ఎవరికీ కనబడని కలివికోడి 1986లో మళ్ళీ దొరికింది. దాన్ని గుర్తుపట్టింది చదువుకున్న పండితుడు కాదు, ఆ పల్లె మనిషే. మనకి దగ్గర్లోని వీరాపురంలో చింతచెట్ల మీద గూళ్ళు కట్టే ఎర్రకాళ్ళ కొంగల్ని కాపాడేదీ ఊరివాళ్ళే.

మన పక్క చెరువులు చాలా ఏళ్ళు ఎండే ఉంటాయి. అక్కడ లెక్కేముంది అంటారు. సున్నా కూడా లెక్కే. ఈ ఏడు సున్నా అని రాసిపెడితేనే, నీళ్ళొచ్చిన ఏడు ఎన్ని తిరిగొచ్చాయో తెలుస్తుంది. జనవరిలో ఒక పొద్దున నాతో ఎవరైనా చెరువుకి వస్తారా? డిగ్రీ అక్కర్లేదు.

– బి.ఏ. రెండో సంవత్సరం