మాటల తేడా పట్టుకున్న బ్రౌను దొర

పిల్లలూ, మొన్న డిక్టేషన్‌లో భోజనం వేళ అని చెబితే సగంమంది భోజనం వేల అని రాశారు. వేళ అంటే సమయం. వేల అంటే వందల తరవాత వచ్చే లెక్క. మిమ్మల్ని కోప్పడలేదు. సరోజినీ నగర్ క్వార్టర్స్ మెట్లు దిగితే వినిపించేది హిందీ, అందులో ళ లేదు. చాలా పోస్టింగులు తిరిగాక నా నోరూ అప్పుడప్పుడు తడబడుతుంది. అందుకే మనలాగే బదిలీల మీద ఊళ్లు తిరిగిన ఒకాయన కథ చెబుతాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. 1817లో ఈస్టిండియా కంపెనీ కొలువుకు మద్రాసు వచ్చి, వెలగపూడి కోదండరామ పంతులు దగ్గర తెలుగు మొదలుపెట్టాడు. 1820లో కడపలో ఉద్యోగం. తరవాత మచిలీపట్నం, రాజమండ్రి, మళ్లీ కడప. రైతులు చెప్పుకునేది తెలుగులోనే కదా! పన్ను అంటే నోట్లో ఉండేదా, సర్కారుకు కట్టేదా అన్నది తెలియకపోతే ఆ ఉద్యోగం ఎలా చేస్తాడు?

పుస్తకాలు చూద్దామంటే అన్నీ తాటాకులే. ఎత్తి రాసిన వాళ్లు ఒక అక్షరానికి మరొకటి రాసేవారు, అర్థం మారిపోయేది. బ్రౌన్ ఒకే కావ్యానికి ఎన్నో ప్రతులు తెప్పించి, పండితులను కూర్చోబెట్టి, పక్కపక్కన పెట్టి సరిచూయించాడు. జీతాలు సొంత డబ్బే, అప్పులు కూడా చేశాడు. వేమన పద్యాలు 1829లో అచ్చువేశాడు.

1832-33లో గుంటూరు సీమలో తిండిలేక జనం రాలిపోయారు. పైవాళ్లు దాన్ని కొరత అంటే చాలనుకున్నారు. బ్రౌన్ తన నివేదికలో కరువు అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటే వాడాడు. కొరత అంటే దొరకడం తగ్గడం. కరువు అంటే ప్రాణాలు పోవడం. 1834లో ఆయన్ను ఉద్యోగం నుంచి తప్పించారు, ఇంగ్లండు వెళ్లిపోయాడు.

1837లో తిరిగి వచ్చాడు. ఏళ్ల తరబడి పోగుచేసిన మాటలతో 1852లో తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు వెలువడింది. పండితుల మాటలే కాదు, జనం నోట్లో నలిగే మాటలూ అందులో ఉన్నాయి. తెలుగులో కలిసిపోయిన హిందుస్తానీ, ఇంగ్లీషు మాటలకు 1854లో విడిగా ఇంకో నిఘంటువు వేశాడు. మన ఇళ్లలో మాట్లాడే కలగాపులగం తెలుగుకు అది బాగా పనికొస్తుంది, నా మాట నమ్మండి.

ఆఖరికి లండన్ చేరి, అక్కడి విశ్వవిద్యాలయంలో తెలుగు చెప్పాడు. 1884లో పోయాడు. కడపలో ఆయన బంగళా ఉన్న చోట ఇప్పుడు ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. సెలవుల్లో అటు వెళ్లే వాళ్లు చూసి రండి, వచ్చాక క్లాసులో మాకు చెప్పండి.